పసిగట్టు

"మంచం కదల్లా తల్లీ" అని సువార్త తన కూతురికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. డాక్టర్లు అలాగే చెప్పమన్నారు. పిల్ల ఉలిక్కిపడి లేచినప్పుడు గొంతు పెంచకూడదు. చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, ఏమీ కదల్లేదని నెమ్మదిగా చెప్పాలి. అది కూడా వైద్యమేనన్నారు.

ఆ మధ్యాహ్నం కూడా అదే జరిగింది. వార్డులో అన్నాలు అయ్యాయి. ఆయాలు కిటికీలకు తెరలు లాగారు. పదకొండు మంచాల మీద పదకొండుమంది పిల్లలు పడుకున్నారు. పెద్దవాళ్ళు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. పిల్లల మంచాల మీద పెద్దవాళ్ళు కూర్చోకూడదని అక్కడ రూలు. ఇన్ఫెక్షన్ వస్తుందన్నారు. సువార్త తన ఖాకీ చొక్కాకి ఊడిన గుండీ కుట్టుకుంటోంది. ఆమె ఆర్టీసీ కండక్టరు. సాయంత్రం డ్యూటీ ఉంది.

ఉన్నట్టుండి బ్లెస్సీ కళ్ళు తెరిచి, మంచం పట్టెలు రెండూ బిగించి పట్టుకుంది. అరవలేదు. ఆ పిల్ల అరవడం ఎప్పుడో మానేసింది.

"అమ్మా, కదిలింది."

"లేదు తల్లీ. బల్ల మీద సీసా చూడు. నీళ్ళు తొణికినయ్యా?"

"నీళ్ళు కాదు. మంచం."

"మంచం కదల్లా. నేను ఇక్కడే ఉండాగా."

బ్లెస్సీ తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత గబుక్కున దుప్పటి నడుం మీదికి లాక్కుంది. పక్క తడిసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "సీసా ఒలికింది" అంది తల అటు తిప్పుకుని. సీసా మూత తియ్యనేలేదు.

పక్క మంచం మీద ఏడేళ్ళ ఖాసిం కూడా అదే క్షణంలో లేచి కూర్చున్నాడు. వాడి తండ్రి మస్తాన్ వలీ చెరుకురసం బండి నడుపుకునేవాడు. ఇప్పుడు బండి ఎక్కడో మూలపడింది, ఆయన ఇక్కడ కుర్చీలో ఉంటున్నాడు. "ఏం కాలేదు బేటా, ఏం కాలేదు" అని కొడుకు వీపు నిమురుతున్నాడు. ఇద్దరు పిల్లలూ ఒకేసారి లేచారే అని సువార్తకు అనిపించింది. ఒకళ్ళ భయం ఒకళ్ళకి అంటుకుంటుందని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

*

పొన్నలకుర్తిలో భూకంపం వచ్చింది ఫిబ్రవరిలో. బడిలో మధ్యాహ్నం రెండో పీరియడు జరుగుతోంది. రెండంతస్తుల కొత్త బిల్డింగు, కట్టి మూడేళ్ళు కాలేదు, పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి కూలిపోయింది. దాని పక్కనే పిల్లలకు భోజనం వండే పాత పెంకుల షెడ్డు ఉంది. దాని గోడకి బీట పడింది, అంతే. ఆ రాత్రంతా జనం ఆ షెడ్డులోనే దీపాలు పెట్టుకుని శిథిలాలు తవ్వారు.

బ్లెస్సీని తెల్లారాక బయటికి తీశారు. ఎడమకాలు మోకాలి కింద నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది. లోపల ఆమె పక్కన బెంచీమేటు సాహితి ఉంది. ఇద్దరూ చీకట్లో ఒకరికొకరు కనపడకుండా ఎక్కాలు చెప్పుకున్నారు. పదమూడో ఎక్కం సగంలో సాహితి ఆగిపోయింది. మిగతాది బ్లెస్సీ ఒక్కతే పూర్తిచేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పి, జవాబు కోసం చూసింది.

భర్త జబ్బుచేసి పోయిననాడు కూడా సువార్త నలుగురిలో ఏడవలేదు. ఈ పునరావాస కేంద్రానికి వచ్చాక మాత్రం రోజూ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. కుళాయి చప్పుడులో వినపడదనుకుంది. బ్లెస్సీకి అన్నీ వినపడేవి. అందుకని కాలు తీసేసినచోట నొప్పి వచ్చినప్పుడు ఆ పిల్ల దిండు కొరుక్కునేది గాని తల్లిని పిలిచేది కాదు.

ఆ సంగతి కనిపెట్టింది ఈశ్వరి. పిల్లలతో మాట్లాడి వాళ్ళ భయం పోగొట్టడానికి వచ్చిన అమ్మాయి. "మీరు పాప కోసం ఏడుపు దాచుకుంటున్నారు. పాప మీకోసం నొప్పి దాచుకుంటోంది. ఒకసారి ఇద్దరూ కలిసి ఏడిస్తే ఏమవుద్దో చూడండక్కా" అంది. ఆ రోజు తల్లీకూతుళ్ళు కలిసి ఏడ్చారు. ఏమీ కాలేదు. ఇద్దరికీ ఆకలి వేసింది.

ఈశ్వరి దగ్గర ఇసుక పోసిన వెడల్పాటి చెక్కపళ్ళెం ఒకటి ఉండేది. అందులో అగ్గిపెట్టెలతో ఇళ్ళు కట్టించి, పళ్ళేన్ని పిల్లల చేతే ఊపించేది. "ఊపేది నువ్వే, ఆపేదీ నువ్వే" అనేది. బ్లెస్సీ చాలా రోజులు ఆ పళ్ళెం ముట్టుకోలేదు. ఒకనాడు ముట్టుకుని గట్టిగా ఊపింది. ఇళ్ళన్నీ పడ్డాయి. ఆ పిల్ల వాటివైపు చాలాసేపు చూసి, మెల్లిగా ఒక్కో అగ్గిపెట్టె తీసి మళ్ళీ నిలబెట్టింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఉలికిపడకుండా నిద్రపోయింది.

*

పిల్లల చేతులకు గుండె కొట్టుకోవడం లెక్కగట్టే పట్టీలు ఉండేవి. మార్చిలో ఒక ఉదయం ఆ పదకొండు పట్టీలూ ఒకేసారి మోగాయి. మిషన్లు చెడిపోయాయనుకుంది నర్సు. కొద్ది నిమిషాలకు భూమి మళ్ళీ కంపించింది. చిన్నదే. కాని జిల్లాలో ఏ యంత్రమూ దాన్ని ముందుగా చెప్పలేదు.

భూగర్భ పరిశోధన సంస్థ నుంచి డాక్టర్ పరాంకుశం వచ్చాడు. యాభై దాటిన మనిషి, జుట్టు నెరిసింది, మాట మెత్తన. వారం రోజులు వార్డులో నేలమీదే కూర్చుని పట్టీలు గీసిన గీతలు చూసుకున్నాడు. తర్వాత తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాడు. నేల అడుగున రాయి విరిగే ముందు సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు మన చెవికి అందదు. యంత్రాలకు అందినా, లారీల రొదలో, రైళ్ళ రొదలో కలిసిపోతుంది. ఈ పిల్లలు మాత్రం గంటలకొద్దీ శిథిలాల్లో నేలకు అతుక్కుపోయి దాన్నే విన్నారు. మూలుగు రావడం, వెంటనే పైకప్పు ఇంకొంచెం కిందికి దిగడం. వాళ్ళ ఒళ్ళు ఆ పాఠాన్ని మర్చిపోలేదు.

"మీ పిల్లలు ఎముకలతో వింటున్నారు" అన్నాడు. చెబుతుంటే ఆయన కళ్ళు తడిశాయి.

ఆ పట్టీలన్నింటినీ ఒక సైరను వ్యవస్థకు కలిపారు. దానికి 'పసిగట్టు' అని పేరు పెట్టింది కూడా పరాంకుశమే. "పసివాళ్ళు పసిగడతారు. బాగుంది కదూ?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. సువార్త కూడా నవ్వింది.

ఏప్రిల్‌లో మిర్చి యార్డు నిండా జనం ఉన్న వేళ సైరన్లు మోగాయి. రైతులు, హమాలీలు, ముఠా కూలీలు బస్తాలు వదిలేసి బయటికి పరిగెత్తారు. యార్డు పైకప్పు ఖాళీ బస్తాల మీద పడింది. మర్నాడు ఆ కూలీలు అరటిగెలలు తెచ్చి వార్డులో పెట్టారు. ఒక ముసలామె బ్లెస్సీకి మిగిలిన ఒక్క కాలినీ కళ్ళకద్దుకుంది. "నా ముగ్గురు కోడళ్ళూ ఆ రేకుల కిందే ఉండారమ్మా" అని చెప్పింది. బ్లెస్సీకి ఏం చెయ్యాలో తెలియక ఆమెకే ఒక అరటిపండు ఇచ్చింది.

మే నెలలో వార్డుకి ఏసీ వచ్చింది. తల పైకెత్తే మోటారు మంచాలు వచ్చాయి. పెద్దవాళ్ళెవరూ వాటి మీద కూర్చోవద్దన్న రూలూ వాటితోటే వచ్చింది. ఆ తర్వాత కొద్దిరోజులకు ఈశ్వరికి బదిలీ అయింది. ఆమె సెలవు తీసుకోవడానికి కూడా రాలేదు. చెక్కపళ్ళెం కూడా కనపడలేదు.

అప్పటినుంచే బ్లెస్సీ మంచం కదలడం మొదలైంది.

*

సువార్త డాక్టర్లను అడిగింది. "తీసేసిన కాలు నొప్పి పెడుతున్నట్టు అనిపిస్తుంది చూశారా, ఇదీ అలాంటిదే. లేనిది ఉన్నట్టు తోస్తుంది. మీరు గట్టిగా లేదని చెబుతూ ఉండండి" అన్నారు. ఆమె చెబుతూనే ఉంది. రోజూ డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు పీకుతుంటే కుర్చీలో కూర్చుని చెబుతూనే ఉంది.

పిల్ల తినడం తగ్గించింది. మధ్యాహ్నం అవుతుందంటే చేతులు చల్లబడేవి. ఒకరోజు సువార్తకు ఓపిక చచ్చిపోయింది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు! ఏడ కదిలింది? నాకు కనపడందే నీకెట్టా తెలుస్తంది?" అని కసిరింది.

ఆ మర్నాటి నుంచి బ్లెస్సీ చెప్పడం మానేసింది. "నిద్ర పట్టిందా తల్లీ?" అంటే "ఊఁ, బాగా పట్టింది" అనేది. కింది పెదవి మీద పళ్ళగాట్లు ఉండేవి. సువార్త ఆ గాట్లు చూసి కూడా మందు పనిచేస్తోందనే అనుకుంది. అలా అనుకోకపోతే ఆమె ఆ కుర్చీలో కూర్చోగలిగేది కాదు.

జూన్‌లో బ్లెస్సీని కృత్రిమ కాలు కొలతలు తీసుకోవడానికి పక్క బిల్డింగుకి తీసుకెళ్ళారు. తల్లులు రావద్దన్నారు. అంతకుముందు వరుసగా రెండు షిఫ్టులు చేసిన సువార్తకు కళ్ళు మూతలు పడుతున్నాయి. రూలు సంగతి తెలిసే, ఒక్క నిమిషం నడుం వాలుద్దామని కూతురి మంచం మీద పడుకుంది.

ముందు ఏదో లారీ పోతోందనుకుంది. అది ఆగింది. మళ్ళీ వచ్చింది. పాత బస్సు సీటు కింద ఇంజను సన్నగా వణికినట్టు, పరుపు లోపలినుంచి వెన్నెముకలోకి పాకింది. ఉన్నట్టుండి మంచం ఒక్క జానెడు లోతుకు జారిపోయినట్టు అనిపించి సువార్త రెండు పట్టెలూ పట్టుకుంది. బ్లెస్సీ పట్టుకునేచోటే. బల్ల మీద సీసాలో నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి.

ఆమె లేవలేదు. మళ్ళీ వచ్చేదాకా ఆగింది. వచ్చింది.

"మస్తానన్నా" అంది. "ఖాసింని ఎత్తుకుని, వాడి మంచం మీద నువ్వు పడుకో."

"ఎందుకమ్మా? సిస్టరు అరుస్తది."

"అరవనీ. పడుకో."

మస్తాన్ వలీ కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి పడుకున్నాడు. కాసేపటికి ఆయన ముఖంలో రంగు మారింది. ఇద్దరూ కలిసి పరుపు ఎత్తి చూశారు. తల పైకెత్తే మోటారు ఒకటి అక్కడ ఉండాల్సిందే, ఉంది. దాని పక్కనే ఇంకో నల్లటి పెట్టె ఉంది. తీగలు గోడలోకి పోయాయి. సువార్త దానిమీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

కుర్చీలోంచి ఖాసిం అన్నాడు, "నీక్కూడా తెలిసిందా అబ్బా?"

*

పరాంకుశం తన గదిలో లేచి నిలబడ్డాడు. బుకాయించలేదు. కూర్చోమన్నాడు. సువార్త కూర్చోలేదు.

"అది చాలా చిన్న కదలికమ్మా. వెంట్రుకవాసి. దానివల్ల పిల్లలకు దెబ్బ తగలదు."

"నా పిల్ల పక్క తడుపుకుంటంది సార్. తడిపి, నీళ్ళు ఒలికినయ్యని నాకు అబద్ధం చెప్తంది. సిగ్గుతో."

"నాకు తెలుసు."

"తెలుసా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈశ్వరి వైద్యం బాగా పనిచేసింది. మరీ బాగా. పిల్లలకు భయం పోతోంది. భయం పోతే ఆ వినికిడి కూడా పోతుంది. మే నెల మొదట్లో ఒక ప్రకంపన వస్తే పదకొండు పట్టీల్లో నాలుగే మోగాయి. ఇంకో నెలలో ఒక్కటీ మోగదు. మిర్చి యార్డులో ఆ రోజు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నేనేం చేసేది? పదకొండుమంది పిల్లల నిద్ర ఒకవైపు, ఒక జిల్లా ఒకవైపు. నేనూ నిద్రపోవడం లేదు సువార్తగారూ. నాకూ పిల్లలున్నారు."

"వాళ్ళ మంచాలకి పెట్టారా ఈ పెట్టెలు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ పిల్లలకి పెట్టలా. యాడ పడుకున్న పిల్ల దొరికితే దానికి పెట్టారు. ఇప్పటికే కాలు పోయిన పిల్లకి పెట్టారు. ఎట్టాగూ భయపడ్డదే కదా, ఇంకొంచెం భయపడితే ఏం పోద్ది అనుకున్నారు."

"అలా కాదమ్మా..."

"ఆ బడి కట్టి మూడేళ్ళు కాలేదు సార్. పక్కన వంట షెడ్డు నిలబడింది. పసిపిల్లల్ని భూమిని పసిగట్టే పనిలో పెట్టారే, ఆ స్తంభాల్లో ఇనుము ఎవడు తిన్నాడో పసిగట్టే పని ఎవరికి పెట్టారు? దానికి పట్టీల్లేవా? దానికి సైరన్లు మోగవా? ఇనుము కొనేదానికంటే నా బిడ్డ భయం చౌకగా దొరికిందా మీకు?"

తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆమె ఆగలేదు.

"అన్నిటికంటే ఒకటుంది. నా చేత చెప్పించారు. కదల్లేదు, కదల్లేదు అని రోజూ నా నోటితో చెప్పించారు. నా పిల్ల ఉన్నమాట చెప్తంటే, నేనే దాన్ని అబద్ధాలకోరుని చేశా. అది ఇంక ఎవర్ని నమ్మాలి సార్?"

పరాంకుశం, "ఈ కేంద్రాన్ని అత్యవసర సేవల కింద ప్రకటించారు. అనుమతి లేకుండా పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేదు" అన్నాడు. తను చెప్పేది తనకే బాగాలేనట్టు చెప్పాడు.

"అత్యవసర సేవ చేసేవాళ్ళకి జీతం, సెలవు ఉంటయ్ సార్. నేను ఆర్టీసీలో పనిచేస్తన్నా, నాకు తెలుసు. నా కూతుర్ని ఉద్యోగంలోకి ఎవరు తీసుకున్నారు?"

*

మర్నాడు మధ్యాహ్నం పిల్లలను కుర్చీల్లో కూర్చోబెట్టి, పదకొండు మంచాల మీదా పెద్దవాళ్ళు పడుకున్నారు. నర్సు వద్దంది, తర్వాత బతిమాలింది, చివరికి తలుపు దగ్గర నిలబడిపోయింది. తల్లులు, తండ్రులు, చేతికి దెబ్బ తగిలిన ఒక పిల్లవాడి మేనమామ, కంభం నుంచి వచ్చిన ఒక నాయనమ్మ. పిల్లలు పెద్దవాళ్ళ ముఖాలనే చూస్తున్నారు.

మొదట నాయనమ్మ లేచి కూర్చుంది. "మీ చేతులు పడిపోను! ఇదేం పాడుపనిరా!" అని గోడల వైపు చూసి తిట్టింది. అటు మూల ఒక తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు లేచి పరుపులు లాగేశారు.

బ్లెస్సీ తల్లిని అడిగింది. "కదిలిందా?"

"కదిలింది తల్లీ. రోజూ కదిలింది. నువ్వు చెప్పింది నిజం. నేనే నమ్మలా."

తల్లిని వాటేసుకుంటుందని అందరూ అనుకున్నారు. బ్లెస్సీ పిడికిలి బిగించి సువార్త భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. రెండు చేతులతోనూ, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. సువార్త కదలకుండా మంచం అంచున కూర్చుంది. చేతులు అడ్డం పెట్టుకోలేదు. కొట్టి కొట్టి అలిసిపోయాక ఆ పిల్ల గొంతెత్తి ఏడ్చింది. శిథిలాల్లోంచి తీసిననాడు ఏడవలేదు, కాలు తీసేసిననాడు ఏడవలేదు. ఆ ఏడుపు రోడ్డు మీదికి వినపడింది.

కాపలావాడు గేటుకు తాళం వేశాడు. మస్తాన్ వలీ కొడుకును భుజాన వేసుకుని గేటు ముందు కూర్చున్నాడు. అతని వెనక మిగతావాళ్ళు కూర్చున్నారు. సువార్త డిపోకి ఫోన్ చేసింది. ఆ దారిన పోయే బస్సులు ఒకటొకటిగా ఆగాయి. డ్రైవర్లు, కండక్టర్లు దిగారు, ప్రయాణికులూ దిగి సంగతేంటని అడిగారు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పారు. చీకటి పడకముందే పైనుంచి ఎవరో ఫోన్ చేస్తే గేటు తెరిచారు, పదకొండుమంది పిల్లలూ బయటికి వచ్చారు. బ్లెస్సీ తన చేతి పట్టీని తనే ఊడదీసి కాపలావాడి చేతిలో పెట్టింది.

*

ఇంటికి వచ్చాక వెంటనే ఏదీ బాగుపడలేదు. బ్లెస్సీ మొదటి పదిరోజులు మంచం మీద పడుకోనంది. నేలమీద చాప వేసుకున్నారు. సువార్త పక్కనే పడుకుని, నేలమీద అరచెయ్యి ఆనించి ఉంచేది. ఏదైనా బండి పోతే "బండి" అనేది. నిజంగా కదిలితే "కదిలింది" అనేది. ఏమీ లేకపోతే ఏమీ అనేది కాదు. ఈశ్వరి ఎక్కడినుంచో మూడు బస్సులు మారి ఆదివారాలు వచ్చేది. తన బదిలీ వెనక ఏం జరిగిందో చెప్పినప్పుడు ఆ అమ్మాయి పళ్ళు బిగపట్టింది. పిల్లల భయాన్ని పెంచొద్దని పైవాళ్ళకు రాసిందట. జవాబుగా బదిలీ వచ్చిందట.

కొత్త కాలు వచ్చింది. వీధి చివరిదాకా నడిచింది. తినడం మొదలుపెట్టింది. ఒకరోజు సాహితి వాళ్ళ అమ్మ వచ్చి, "నా పిల్ల ఆఖర్న ఏం మాట్లాడిందమ్మా?" అని అడిగితే, బ్లెస్సీ ఆమె ఒళ్ళో కూర్చుని ఎక్కాల సంగతి మొత్తం చెప్పింది. ఇద్దరూ కలిసి పదమూడో ఎక్కం చివరిదాకా చదివారు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట సన్నగా వాన పడుతుండగా, భూమి కంపించింది.

గూట్లో గిన్నెలు దొర్లి పడ్డాయి. సువార్త కూతుర్ని చాపతో సహా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. వీధంతా కేకలు. కంపం ఆగాక చూసుకుంటే బ్లెస్సీ తల ఆమె భుజం మీద వాలి ఉంది. ముఖాన వాన చినుకులు పడితే గాని ఆ పిల్ల కళ్ళు తెరవలేదు.

"ఏమయింది? ఎందుకు తడుస్తన్నాం?" అంది నిద్రమత్తులో.

సువార్త నడివీధిలో కూలబడి నవ్వింది. పక్కింటివాళ్ళు ఈమెకు మతిపోయిందనుకున్నారు.

ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. జిల్లా కేంద్రంలో కొత్తగా కట్టిన షాపింగ్ కాంప్లెక్సు కూలి ముగ్గురు చనిపోయారు. బట్టల షాపులో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు, ఒక వాచ్‌మన్. టీవీలో పరాంకుశం కనపడ్డాడు. ఎవరినీ నిందించలేదు. "పసిగట్టు పనిచేస్తూ ఉంటే ఆ ముగ్గురూ బతికేవాళ్ళు" అన్నాడు, అంతే. ఆ తర్వాత నిందించే పని మిగతావాళ్ళు చూసుకున్నారు. గేటు ముందు తల్లులు కూర్చున్న పాత దృశ్యాన్ని తిప్పి తిప్పి చూపించారు. వీధిలోవాళ్ళు సువార్త ఎదురుపడితే మాట మార్చారు.

ఆమెకూ నిద్ర పట్టలేదు. ఆ ఇద్దరు అమ్మాయిలకూ తల్లులు ఉంటారని అనుకుంది. వాళ్ళు తనను ఏమనుకుంటారో అనుకుంది.

తెల్లారి లేచేసరికి బ్లెస్సీ తలదువ్వుకుని, కొత్త కాలు తొడుక్కుని, బడిసంచిలో రెండు గౌన్లు సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"నన్ను మళ్ళీ అక్కడ దించమ్మా" అంది. "భయపడతాలే. ఈసారి పక్క తడపను. నీకేం చెప్పను."

సువార్త సంచి తీసి లోపల పెట్టింది. ముఖం కడుక్కుని, ఆ రోజు డ్యూటీ లేకపోయినా ఖాకీ చొక్కా వేసుకుంది. "పద" అని కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

*

కాంప్లెక్సు ముందు తాళ్ళు కట్టారు. కెమెరాలు, పోలీసులు, చనిపోయినవాళ్ళ బంధువులు. మధ్యలో పరాంకుశం మైకుల ముందు నిలబడి ఉన్నాడు. సువార్త జనంలోంచి దారి చేసుకుంటూ నడిచింది. "ఆ పసిగట్టు పాప" అని ఎవరో అన్నారు. కెమెరాలు ఇటు తిరిగాయి. బ్లెస్సీ కొత్త కాలితో ఇటుకముక్కల మీద జాగ్రత్తగా అడుగులు వేసింది.

తాడు పక్కన విరిగిన స్తంభం ఒకటి పడి ఉంది. సువార్త వంగి దాని అంచు పట్టుకుంటే బెల్లంముక్కలా చేతిలోకి వచ్చింది. లోపలి ఇనుప చువ్వ చిటికెన వేలంత కూడా లేదు. ఆమె ఆ ముక్కను కిందపడేయకుండా పరాంకుశం ముందుకు వెళ్ళి నిలబడింది.

"నా కూతురు మిమ్మల్ని ఒకటి అడగాలంట సార్."

బ్లెస్సీ తల్లి చెయ్యి వదల్లేదు. "నేను అక్కడే ఉంటే, వాళ్ళు చచ్చిపోయేవాళ్ళు కాదా సార్?"

పరాంకుశం నోరు తెరిచాడు. లెక్క ప్రకారం జవాబు ఆయనకు తెలుసు, నిన్న టీవీలో చెప్పిందే. ఆయన ఆ పిల్ల ముఖం చూశాడు. ఆ పిల్ల జవాబు కోసం కాదు, శిక్ష కోసం నిలబడి ఉంది.

సువార్త చేతిలోని ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు మూశాడు. అది పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి చొక్కా మీద రాలింది.

"చెప్పండి" అంది సువార్త. "నా పిల్ల వల్లే చచ్చిపోయారని మీరు అనుకుంటంటే, దాని ముఖం మీదే చెప్పండి. తీసుకెళ్ళి దింపుతా."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మైకులు కిందికి వంగాయి.

"కాదు తల్లీ" అన్నాడు. "నీ వల్ల కాదు. ఈ బిల్డింగు కట్టినవాళ్ళ వల్ల. దీనికి సంతకం పెట్టినవాళ్ళ వల్ల. అది నేను నిన్ననే చెప్పాల్సింది."

బ్లెస్సీ తల్లి వైపు చూసింది.

సువార్త కళ్ళు పరాంకుశం మీదినుంచి తిప్పలేదు. "గట్టిగా చెప్పండి సార్" అంది. "వెనకున్నోళ్ళకి వినపళ్ళా."